గూడ్సు ఇంజన్లకు పెళ్ళిచూపులు

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వీధి మలుపులో ఉన్న ఇల్లు ఆదిశేషు గారిది. ఆయనకొక పిచ్చి. పిచ్చి అని నేనంటాను గానీ ఆయన ‘ఇంట్రెస్ట్’ అనేవారు. ఇంగ్లండులో ఒకప్పుడు బొగ్గూ ఇనపరాయీ మోసిన ఆవిరి ఇంజన్లలో ఏది చూడచక్కనిది, ఏది కాదు అని తేల్చడం ఆ ఇంట్రెస్టు. ప్రయాణికుల బళ్ళు లాగిన ఇంజన్లను ఆయన లెక్కలోకే తీసుకునేవారు కాదు. వాటికి ఆకుపచ్చ రంగూ, ఇత్తడి తళుకూ, రాజుల పేర్లూ ఉంటాయి, వాటిని మెచ్చుకోవడానికి కన్నెందుకు అనేవారు. మసిగొట్టుకుని, పేరైనా లేకుండా ఒట్టి నంబరుతో బతికిన గూడ్సు ఇంజను దగ్గరే చూసేవాడి సత్తా బయటపడుతుందిట.

నేను పెథాలజిస్టుని. బతుకంతా మైక్రోస్కోపులో కన్ను పెట్టి ఇది మంచిది, ఇది చెడ్డది అని చెప్పినదాన్ని. ఆయన కార్ల కంపెనీ స్టైలింగ్ స్టూడియోలో పనిచేసి, కొత్త కారు ఒంపు ఎక్కడ బాగుంది, ఎక్కడ చెడింది అని చెప్పినవారు. ఇద్దరం చూపు మీదే బతికాం. అయినా ఆయన ఇంజన్లు నాకు అన్నీ ఒకటే. పొగగొట్టం, బాయిలరు, చక్రాలు. అంతకు మించి అందులో ఏముందో నాకు తెలిసేది కాదు, తెలుసుకోవాలనీ లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఆయన నాకు చెప్పేవారు, నేను పకోడీలు తినేదాన్ని.

వినే మనిషి ఆయనకు వేరే ఉంది. ఆయన భార్య ఆండాళ్.

వాళ్ళ పెళ్ళిచూపుల కథ మా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ కంఠతా వచ్చు, ఆయన అన్నిసార్లు చెప్పారు. అరవై తొమ్మిదిలో, కాకినాడలో ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు బిట్రగుంట రైల్వే క్వార్టర్సుకి పిల్లను చూడటానికి వెళ్ళాడు. పిల్ల తండ్రి రంగయ్య గారు అప్పుడే రిటైరైన రైల్వే గార్డు. జంతికలు, కాఫీ అయ్యాయి. ఏదైనా అడగవయ్యా అన్నారు పెద్దవాళ్ళు. పాట వచ్చా, వంట వచ్చా అని అడగడం ఈయనకు నామోషీ. పక్కనే లోకోషెడ్డులోంచి కూత వినపడుతుంటే, మీకు ఇంజన్లంటే ఇష్టమేనా అని అడిగారు. ఆండాళ్ తలెత్తకుండానే, "గూడ్సు ఇంజనైతే ఇష్టం" అంది.

అంతే. కట్నం మాట కూడా ఎత్తనివ్వకుండా ఆ సాయంత్రమే ఒప్పేసుకున్నారట. పేవ్‌మెంటు మీద కొన్న పాత ఇంగ్లీషు పుస్తకాల్లో గూడ్సు ఇంజన్ల బొమ్మలు చూసుకుంటూ, ఈ పిచ్చి నా ఒక్కడికే అనుకుంటున్న మనిషికి, ఆంధ్రదేశం మొత్తం మీద ఆ కన్నున్న ఒకే ఒక్క పిల్ల దొరికింది. "లాటరీ కొట్టాను మీనా గారూ" అనేవారు నాతో. పెళ్ళి చేసుకోని నాకు ఇలాంటి కథలంటే కొంచెం చిరాకు. కానీ ఆయన ఆ మాట అంటున్నప్పుడు ముఖం చూస్తే ఎదురు చెప్పబుద్ధయ్యేది కాదు.

ఆయన రిటైరయ్యాక ప్రతి ఆదివారం పొద్దున్నా అది వాళ్ళింట్లో పూజలా జరిగేది. ఫిల్టరు కాఫీ అయ్యాక డైనింగ్ టేబుల్ మీద ఒక పుస్తకం తెరిచి, ఒక్క బొమ్మ చూపించేవారు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నిజంగా పెళ్ళిచూపులకు వచ్చిన అత్తగారిలా చూసేది. "వెనకాల ఏముందండీ?" అని అడిగేది. టెండరు, బొగ్గూ నీళ్ళూ ఉండే పెట్టె అని ఆయన చెప్పేవారు. ఆవిడ ఇంకాసేపు చూసి "నప్పింది" అనో "నప్పలేదు" అనో అనేది. ఎందుకు అంటే చెప్పేది కాదు. నవ్వి, గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

ఆ తీర్పులు విచిత్రంగా ఉండేవి. నైన్ ఎఫ్ అని ఒక ఇంజను ఉందిట. ఇంగ్లండువాళ్ళు ఆఖరుగా కట్టిన గూడ్సు ఇంజన్ల జాతి, పది పెద్ద చక్రాల మీద ఎత్తుగా నిలబెట్టిన బాయిలరు. ఆ దేశంలో సగం మంది దానికి దణ్ణం పెడతారు. ఆండాళ్ దాన్ని చూసి నప్పలేదు అనేసింది. క్యూ వన్ అని ఇంకోటి. యుద్ధం రోజుల్లో ఇనుము ఆదా చేయాలని చక్రాల మీద రేకులు కూడా లేకుండా కట్టారు. కిరసనాయిలు డబ్బాకు చక్రాలు బిగించినట్టుంటుంది, అది నాకూ తెలిసింది. పుట్టిన రోజునుంచీ అందరూ దాన్ని వెక్కిరించారట. ఆండాళ్ నప్పింది అంది. సూపర్ డి అని ఒక ముసలి ఇంజను బొమ్మ చూపిస్తే ఏమీ అనకుండా కళ్ళు తుడుచుకుని, ఆ పుస్తకం రోజంతా మూయనివ్వలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నేను ఎకసెక్కం చేస్తే, కాదండీ, ఆవిడ చూపులో ఏదో సూత్రం ఉంది, నాకే అందడం లేదు అనేవారు ఆయన.

అందకపోయినా వాడుకున్నారు. ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు ముసలాళ్ళు కొందరు కలిసి ఒక ఫోరం నడిపేవారు. డెర్బీలో ఉండే పెద్దమనిషి ఒకాయన దానికి పెద్ద దిక్కు. గూడ్సు ఇంజన్ల అందచందాల మీద అక్కడ భారత యుద్ధాలు జరిగేవి. ఆదిశేషు గారు అందులో చేరి ప్రతి ఆదివారం ఒక తీర్పు రాసేవారు. ఆండాళ్ చెప్పిన మాట మీద తన ఇంజనీరింగ్ పాండిత్యం పోపు పెట్టి, పొగగొట్టానికీ బాయిలరుకీ మధ్య దూరం, చక్రాల మధ్య వెలుతురు అంటూ కారణాలు అల్లేవారు. క్యూ వన్‌ని వెనకేసుకొచ్చిన రోజున అక్కడ గగ్గోలైందిట. కానీ కొన్నాళ్ళకు, మిషిగన్ ఆయన కన్ను వేరు అని వాళ్ళే అనడం మొదలుపెట్టారు. భార్య మాట అని ఆయన ఎప్పుడూ రాయలేదు. ఆ తరం మనిషి, ముక్కూ ముఖం తెలియని మగవాళ్ళ మధ్యకు ఇంటి ఆడమనిషి పేరు తీసుకెళ్ళరు. ఆండాళ్‌కి తెలుసు, ఆవిడకు అదొక వేడుక.

శనివారాలు ముగ్గురం కలిసి కాంటన్‌లో ఇండియన్ స్టోర్‌కి వెళ్ళేవాళ్ళం. దారిలో ప్లిమత్ దగ్గర రైలు గేటు పడుతుంది. అక్కడ గూడ్సు బండి వచ్చిందంటే ఊరు ఊరంతా ఆగిపోవాల్సిందే. ఆయన కిటికీ దించి ఇంజనును చూసి, అమెరికా ఇంజనుకు సిగ్గు లేదు, గొట్టాలన్నీ బయటే వేలాడేసుకుంటుంది, ఇంగ్లీషు ఇంజను అన్నీ లోపలికి దోపుకుంటుంది అని మొదలుపెట్టేవారు. పెట్టెలు అలా పోతూనే ఉండేవి. నేను వెనక సీట్లో కునుకు తీసేదాన్ని. ఆఖరి పెట్టె వెళ్ళి గేటు లేస్తుంటే ఆండాళ్ మెడ తిప్పి దానివైపే చూసి, "చివర మనిషి లేడండీ" అనేది.

ఆయన కారు ముందుకు పోనిస్తూ వివరించేవారు. "గార్డుని ఎయిటీస్‌లోనే తీసేశారు ఆండాళూ. ఇప్పుడు లాస్ట్ వ్యాగన్‌కి ఒక డివైస్ తగిలిస్తారు. ఎయిర్ ప్రెషర్ అదే రిపోర్ట్ చేస్తుంది. మనిషి అక్కర్లేదు."

ప్రతిసారీ ఆవిడ అదే మాట అనేది. ప్రతిసారీ ఆయన అదే జవాబు చెప్పేవారు. ముసలి దంపతుల మధ్య ఇలాంటివి ఉంటాయని నేను పట్టించుకోలేదు.

రెండువేల తొమ్మిదిలో ఆండాళ్‌కి పాంక్రియాస్‌లో కాన్సర్ అని తేలింది. స్లైడు నేను కూడా అడిగి తెప్పించుకుని చూశాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. కీమో మందు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్‌కి తీసుకెళ్ళినప్పుడు కొన్నిసార్లు ఆయన, కొన్నిసార్లు నేను పక్కన కూర్చునేవాళ్ళం. ఆయన ఉంటే ఆవిడ నిద్ర నటించేది, ఆయన ముఖం చూడలేక. నేనుంటే బిట్రగుంట కబుర్లు చెప్పేది. ఆ మరుసటి మార్చిలో, ఇంకా మంచు కరగకుండానే పోయింది.

శాంటా క్లారానుంచి కూతురు విద్య వచ్చింది, కర్మ జరిగింది, తనతో వచ్చేయమంది. తర్వాత చూద్దాం అన్నారు ఆయన. మొదట్లో ఊళ్ళో వాళ్ళు కేరేజీలు పంపారు, నోవై గుడికి తీసుకెళ్ళారు. కొన్నాళ్ళకు ఎవరి గొడవల్లో వాళ్ళు పడ్డారు. అది ఎవరి తప్పూ కాదు. నాకు ఖాళీ ఇల్లు అలవాటు, నేను దాన్ని కట్టుకునే వచ్చాను. ఆయనకు కాదు. అన్నం వండుకునేవారు గానీ రెండు కంచాలు పెట్టుకుని ఒకటి తీసేసేవారు. ఆదివారం పొద్దున్న మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర లైటు వెలిగేది. కాసేపటికి ఆరిపోయేది. పుస్తకం తెరిచి, మూసేస్తున్నారని నాకు తెలిసేది. ఫోరంలో ఆయన రాయడం మానేశారు. ఒంట్లో బాగాలేదని వాళ్ళు అనుకున్నారట, ఈయన అదే అనుకోనిచ్చారు.

ఆ తరువాత ఏడాది ఆకులు రాలే రోజుల్లో విద్య నాకు ఫోన్ చేసింది. "ఆంటీ, నాన్న ఫోన్ ఎత్తట్లేదు. ఎత్తినా రెండు మాటలే. ఏదో ట్రెయిన్స్ వోట్ అంటాడు, ఐ డోంట్ గెట్ ఇట్. మీరు ఒకసారి వెళ్ళి చూస్తారా?"

చారు, బీరకాయ పచ్చడి పట్టుకుని వెళ్ళాను. డైనింగ్ టేబుల్ మీద గిన్నె పెట్టడానికి చోటు లేదు. పుస్తకాల్లోని బొమ్మలన్నీ కాపీలు తీసి రెండు కుప్పలుగా పరిచారు. కుడివైపు ఆండాళ్‌కి నప్పినవి, ఎడమవైపు నప్పనివి. ప్రతి బొమ్మ మీదా నల్లకాగితం కత్తిరించి, క్లిప్పులు పెట్టి బిగించారు. కాగితం మధ్య కన్నంలోంచి ఒక్క ఇంజను మాత్రమే కనపడుతోంది. ఇల్లంతా మాడిన కాఫీ వాసన. ఆయన గడ్డం గీసుకుని చాలా రోజులైనట్టుంది.

కూర్చోబెట్టి సంగతి రాబట్టాను. ఇంగ్లండు ఫోరం మూసేస్తున్నారట. ముసలాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, డెర్బీ పెద్దమనిషికి కూడా చూపు మందగించింది. మూసేముందు, ఇన్నేళ్ళ తగువుకి ముగింపుగా, అన్నిటిలోకీ అందమైన గూడ్సు ఇంజను ఏదో ఓటేసి తేల్చుకుందామన్నారు. చివరికి నైన్ ఎఫ్, దానికి ముందు తరంలో వచ్చిన ఎయిట్ ఎఫ్ రెండూ సమానంగా నిలిచాయి. మిషిగన్ ఆయన్ని అడుగుదాం, ఆయన కన్ను మీద మాకందరికీ నమ్మకం, ఆయన ఏదంటే అదే అని రాశారట.

వేసేయండి ఏదో ఒకటి, వాళ్ళేమైనా కోర్టుకెళతారా అన్నాను. ఆయన నావైపు చూసిన చూపుకు నేను చారు గిన్నె సర్దుకున్నాను.

"ఆ కన్ను నాది కాదు మీనా గారూ" అన్నారు. "నైన్ ఎఫ్ ఆవిడకు నప్పలేదు. ఎయిట్ ఎఫ్ నప్పింది. ఎయిట్ ఎఫ్ అని రాసేయచ్చు. కానీ ఎందుకు అని అడుగుతారు. నాకు తెలీదు. పెళ్ళిచూపుల్లో ఆ ఒక్క మాట విని చేసుకున్నాను నేను ఆవిణ్ణి. ఇద్దరం ఒకటే చూస్తున్నాం అనుకున్నాను. ఆవిడ ఏం చూసిందో నాకు తెలియకపోతే, ఇక నేను ఎవరితో కాపరం చేసినట్టు?"

నెలరోజులుగా అదే పని. కొలబద్ద పెట్టి పొగగొట్టాలు కొలిచారు. చక్రాలకూ బాయిలరుకూ నిష్పత్తులు కట్టారు. కుడివైపు కుప్పలో పొట్టి ఇంజన్లూ ఉన్నాయి, పొడుగువీ ఉన్నాయి. నున్నటివీ ఉన్నాయి, గడ్డం పెరిగిన మనిషిలాంటివీ ఉన్నాయి. ఏ లెక్కా కుదరలేదు. ఈ నల్లకాగితాలు ఏమిటి అని అడిగాను. అది స్టూడియో పద్ధతిట. కొత్త కారు మోడల్ చూసేటప్పుడు వెనక నల్ల తెర కడతారు. చెట్టో మనిషో గోడో కనపడితే కన్ను మోసపోతుంది, వస్తువు గీత మాత్రమే చూడాలి. ఆ క్రమశిక్షణతోనే ముప్ఫై ఏళ్ళు తిండి తిన్నాను అన్నారు.

నాకు కోపం వచ్చింది. నా వృత్తిలో దానికి సరిగ్గా వ్యతిరేకం నేర్పుతారు. సర్జన్ ముక్క కోసి పంపితే, మధ్యలో కాన్సర్ ఉందని వాడికీ తెలుసు, వాడు అడిగేది అంచుల గురించి. రోగి బతుకు అంచుల్లో ఉంటుంది. కుర్ర డాక్టర్లు గబుక్కున మధ్యకు వెళ్ళిపోతే వేళ్ళ మీద కొట్టినంత పని చేసేదాన్ని. ఆ కాగితాలు తీయండి అన్నాను. తీస్తే డిస్ట్రాక్ట్ అవుతుంది అన్నారు. ఆండాళ్ ఏమైనా నల్లకాగితం పెట్టుకుని చూసిందా అని అడిగాను. నేనే ఒక్కొక్క క్లిప్పూ లాగేశాను.

ఎడమ కుప్ప ముందు తీశాను. నైన్ ఎఫ్, రంగు వేయించుకుని ఫ్యాక్టరీ ముందు ఒక్కతే నిలబడింది. ఇంకోటి షెడ్డులో. ఇంకోటి మ్యూజియంలో గొలుసు వెనక. కొన్నిటి వెనక బండి ఉంది గానీ రెండు పెట్టెల తరవాత బొమ్మ అంచు కోసేసింది.

కుడి కుప్ప తీశాను. ఎయిట్ ఎఫ్ వంపు తిరుగుతోంది, వెనక బొగ్గు పెట్టెలు కొండచుట్టూ సాగిపోయి, ఎక్కడో చివర, గోరంత, వరండా ఉన్న ఒక చిన్న పెట్టె. క్యూ వన్ వంతెన దాటుతోంది, చివర అదే పెట్టె. మూడో బొమ్మ, నాలుగోది, అన్నిట్లోనూ బండి మొత్తం ఉంది, చివరి పెట్టెదాకా ఉంది. సూపర్ డి బొమ్మలో అయితే ఇంజను వెనక సరుకే లేదు. ఇంజను, దానికి తగిలించి ఆ ఒక్క పెట్టె, అంతే. పెట్టె వరండాలో కమ్మీ పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"ఇదేం పెట్టె?" అన్నాను.

"బ్రేక్ వ్యాన్. గార్డు పెట్టె" అన్నారు.

అప్పుడు నాకు ఇన్‌ఫ్యూజన్ రూములో ఆండాళ్ చెప్పింది గుర్తొచ్చింది. వాళ్ళ నాన్న గూడ్సు గార్డు. గూడ్సుకు వేళంటూ లేదు. పొద్దున్న వెళ్ళిన మనిషి ఆ రాత్రే రావచ్చు, మూడో రోజు రావచ్చు. క్వార్టర్సు వరండాలో పిల్లలు కూర్చునేవారు. ముందు ఇంజను ముఖం కనపడేది. అదిగో అని లేచి నిలబడేవారు. తర్వాత పెట్టెలు, పెట్టెలు, పెట్టెలు. అన్నీ పోయాక చివర గార్డు పెట్టె. అందులో నాన్న ఉంటే పచ్చజెండా ఊపేవాడు, అమ్మ ఎసట్లో బియ్యం పోసేది. వేరే గార్డు ఉంటే పిల్లలు మళ్ళీ కూర్చునేవారు. ఇంజను వచ్చినప్పటి సంతోషం, చివరి పెట్టె వచ్చేదాకా ఉండే భయం, ఆ రెండూ కలిపి మళ్ళీ ఎప్పుడూ అనుభవించలేదే మీనా అంది. నేను ఆ రోజు ఆవిడ నాడి చూస్తూ ఊ కొట్టాను.

అంతా ఆయనకు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

మామగారు గార్డని ఆయనకు తెలియక కాదు. పెళ్ళినాటికి రంగయ్య గారు రిటైరై పడక్కుర్చీలో ఉన్నారు, అల్లుడు గౌరవంగా ఎదురుగా కూర్చునేవాడు, అంతే. తెలిసిన సంగతే కాబట్టి మళ్ళీ తలుచుకోవాల్సిన పనిలేకపోయింది. ఆయన చాలాసేపు ఎడమ కుప్ప, కుడి కుప్ప మార్చి మార్చి చూశారు. ఒక్కటీ తప్పలేదు. నెలరోజులు కొలబద్దతో వెతికిన సూత్రం ఇంజనులో లేదు. బండి ఆ చివర ఉంది.

తర్వాత లేచి షెల్ఫులోంచి ఒక పుస్తకం తీసి మధ్యలో తెరిచారు. నైన్ ఎఫ్ దే ఇంకో బొమ్మ. ఇనపరాయి బండిని ఎత్తు మీదికి లాగుతోంది. కొండ మీదనుంచి తీశారు కాబట్టి ఇంజను అగ్గిపుల్లంత ఉంది, బండి మాత్రం మొత్తం కనపడుతోంది, గార్డు పెట్టెతో సహా.

"ఇది ఆవిడకు చూపించలేదు" అన్నారు. "ఇందులో ఇంజను సరిగ్గా కనపడదు కదా అని."

చూపించి ఉంటే నప్పింది అనేదేమో. రెండూ నప్పాక వాటిలో ఏది అనేదో. అడగడానికి మనిషి లేదు. ఆయన ఆ పుస్తకం నావైపు తిప్పారు, నేను ఏమైనా అంటానేమోనని. నాకు ఇంజన్ల అందం తెలియనందుకు జీవితంలో మొదటిసారి బాధ కలిగింది. చారు వేడి చేసి, అన్నం పెట్టి, ఆయన తిన్నాక వచ్చేశాను. ఇంటికొచ్చి ఏడ్చాను, దేనికని చెప్పలేను. ఆండాళ్ ఆ మాట చెప్పాల్సింది ఆయనకు కదా, నాకు కాదు. ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ప్రతి ఆదివారం ఒకే బొమ్మకు రెండు కొసల దగ్గర కూర్చుని ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు. సంతోషంగా ఉన్నవాళ్ళను ఏమని తిట్టను?

ఆ వారంలో ఆయన ఫోరంలో రాశారు. ఇన్నేళ్ళూ నాదని మీరనుకున్న కన్ను నా భార్య ఆండాళ్‌ది. ఆమె పోయి ఏడాదిన్నర దాటింది. ఆమె ఇంజనును చూడలేదు, వెనక ఎవరు వస్తున్నారో చూసింది. నాకు ఓటు లేదు, క్షమించండి. ఇంత రాశారట. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు జవాబుగా ఇంకేమీ లేకుండా తమ భార్యల పేర్లు మాత్రం రాశారట. డెర్బీ పెద్దమనిషి, తగువు తేల్చకుండానే వదిలేద్దాం అన్నాడు. ఫోరం అలాగే మూసేశారు.

మంచు మొదలయ్యేముందు ఒక శనివారం ఆయనే ఫోన్ చేసి, కాంటన్‌లో స్టోర్‌కి వస్తారా అని అడిగారు. చాలా కాలం తరువాత బయటికి కదిలిన మనిషి, సరే అన్నాను. అలవాటు కొద్దీ నేను వెనక తలుపు తీయబోయి, ఆగి, ముందు సీట్లో కూర్చున్నాను. ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది. ఆయన హీటరు పెంచారు, తగ్గించారు. శాంటా క్లారా వెళ్ళే ఉద్దేశం ఉందా అని అడిగాను. విద్య రమ్మంటోంది, వెళ్ళాలి అన్నారు. ఎప్పుడో చెప్పలేదు.

ప్లిమత్ గేటు పడింది. మేమే మొదటి కారు. ఇంజను కూతపెడుతూ వచ్చింది, ఒకటి కాదు, మూడు తగిలించి ఉన్నాయి. గొట్టాల గురించి ఏమైనా అంటారేమోనని చూశాను. ఆయన ఇంజను వైపు చూడనే లేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, మెడ ఎడమకు తిప్పి, బండి వస్తున్న వైపే చూస్తున్నారు. పెట్టెలు పోతున్నాయి. నూనె ట్యాంకులు, కార్లు మోసేవి, ఖాళీవి. నాకూ ఈసారి కునుకు రాలేదు. ఎన్నడూ లేనిది నేను కూడా చివర కోసం చూశాను.

ఆఖరి పెట్టె వచ్చింది. దాని వెనక కొక్కేనికి తగిలించిన చిన్న డబ్బా, అందులో ఎర్రదీపం వెలిగి ఆరుతోంది. అది వంపు తిరిగి పోయేదాకా ఆయన చూశారు. గేటు లేచింది.

"చివర మనిషి లేడు మీనా గారూ" అన్నారు.

గార్డును ఎప్పుడు తీసేశారో, ఎందుకు తీసేశారో, ఆ డబ్బా ఏం చేస్తుందో నాకు తెలుసు. వెనక సీట్లో కూర్చుని ఎన్నోసార్లు విన్నాను. చెప్పలేదు. వెనక కార్లు హారన్ కొట్టడం మొదలుపెట్టాయి. కొట్టనీ అనుకుని, ఆయన పక్కన కూర్చున్నాను.